క్యూ తల ఎక్కడుంది: ఒక శివారు రహదారి విస్తరణ ప్రతిపాదనపై కేస్ స్టడీ

ఈ కేసు ఒక నగరాన్ని దాని శివారు పట్టణంతో కలిపే తొమ్మిది కిలోమీటర్ల రహదారికి సంబంధించినది. నాలుగు లేన్ల ఆ రహదారిలో, నగర సరిహద్దు దగ్గరి పెద్ద కూడలికి ముందున్న నాలుగు కిలోమీటర్ల భాగాన్ని ఆరు లేన్లకు విస్తరించాలన్న ప్రతిపాదన ట్రాఫిక్ అధ్యయనం కోసం మా బృందానికి వచ్చేనాటికే భూసేకరణ కొలతలు మొదలై, అక్కడక్కడా హద్దురాళ్లు కూడా పడ్డాయి. మాకు అప్పగించిన ప్రశ్న ఒక్కటే: ఆరు లేన్లు వేస్తే ఎన్నేళ్ల వరకు సరిపోతాయి? అడిగినదానికి అడిగినట్టే జవాబు రాసి ఇచ్చి ఉంటే మా పని త్వరగా ముగిసేది, రహదారి వెడల్పయ్యేది, ఉదయం పూట బస్సులో కూర్చున్న ప్రయాణికుడు మాత్రం అంతే సేపు కూర్చునేవాడు. ఆ ప్రశ్నను పక్కన పెట్టి వేరే ప్రశ్న ఎందుకు వేయవలసి వచ్చిందో, అందుకు ఏ లెక్కలు ఆధారమయ్యాయో, మేము ఎక్కడ పొరబడ్డామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రద్దీ ఉదయం శివారు నుంచి నగరం వైపు, సాయంత్రం నగరం నుంచి శివారు వైపు ఉండేది. నేను రాసేదంతా ఉదయపు ప్రవాహం గురించే. సాయంత్రం సమస్య వేరు, దాని పరిష్కారమూ వేరు. రహదారి నిర్వహణ రహదారుల శాఖది. కూడలిలోని సిగ్నల్ ట్రాఫిక్ పోలీసుల అధీనంలో ఉండేది. బస్ స్టాపు ఎక్కడ ఉండాలో రవాణా సంస్థ నిర్ణయించేది. రహదారికి ఇరువైపులా లేఅవుట్లకు, భవనాలకు అనుమతులు సగం దూరం వరకు నగరపాలక సంస్థ ఇస్తే, మిగతా సగం శివారు పురపాలక సంఘం ఇచ్చేది. ఈ ఐదు కార్యాలయాల అధికారులు ఈ రహదారి విషయమై ఒకే గదిలో కూర్చున్నది మా అధ్యయనం మొదలైన తరువాతే.

క్యూ మధ్యలో తీసిన లెక్క

ప్రతిపాదనకు జతచేసిన పాత నివేదికలో వాహనాల లెక్కింపు పట్టిక ఒకటి ఉంది. దానిని మొదటిసారి చూసినప్పుడు ఒక విషయం నన్ను ఆపింది. ఉదయం ఏడు గంటల ప్రాంతంలో గంటకు నమోదైన వాహనాల సంఖ్య కంటే, రద్దీ తారస్థాయిలో ఉండే ఎనిమిదిన్నర ప్రాంతంలో నమోదైన సంఖ్య తక్కువగా ఉంది. నివేదిక దీనికి ఇచ్చిన కారణం రహదారి వెడల్పు చాలకపోవడం. వెడల్పు చాలకపోతే ఏడు గంటలకు అంతకంటే ఎక్కువ వాహనాలు అదే చోటు నుంచి ఎలా వెళ్లాయన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు.

అమెరికన్ ఇంజినీరు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ 1930లలో ఒహాయోలో రహదారి పక్కన కెమెరా పెట్టి, వరుసగా తీసిన ఫోటోల నుంచి వాహనాల వేగాన్నీ సాంద్రతనూ లెక్కగట్టాడు. కిలోమీటరుకు ఉన్న వాహనాల సంఖ్య పెరిగేకొద్దీ వేగం తగ్గుతుందని, వేగాన్ని సాంద్రతతో గుణిస్తే వచ్చే ప్రవాహం ఒక స్థాయి వరకు పెరిగి, ఆ తరువాత పడిపోతుందని 1935లో ప్రచురించిన ఆయన పరిశీలన ఈనాటికీ ట్రాఫిక్ శాస్త్రానికి పునాది. దీనివల్ల ఆచరణలో వచ్చే చిక్కు ఏమిటంటే, గంటకు ఇన్ని వాహనాలు అన్న ఒక్క అంకెకు రెండు అర్థాలు ఉంటాయి. రహదారి సగం ఖాళీగా ఉండి బండ్లు వేగంగా వెళ్తున్నప్పుడూ అదే అంకె రావచ్చు, బండ్లు ఒకదానినొకటి ఆనుకుని నత్తనడక నడుస్తున్నప్పుడూ అదే అంకె రావచ్చు. వేగం కొలవకుండా వాహనాలను మాత్రమే లెక్కించినవారికి తాము ఈ రెంటిలో ఏ స్థితిని చూస్తున్నారో తెలియదు.

పాత లెక్కింపు కేంద్రం విస్తరించదలచిన నాలుగు కిలోమీటర్ల భాగానికి నట్టనడుమ ఉంది. అంటే రద్దీ వేళ అది క్యూ లోపల ఉంది. క్యూ లోపల నిలబడి లెక్కిస్తే తెలిసేది ముందున్న బాటిల్‌నెక్, అంటే ప్రవాహాన్ని బిగబట్టే ఇరుకు చోటు, గంటకు ఎన్ని వాహనాలను వదులుతున్నదో అంతే. ఎన్ని వాహనాలు వెళ్లాలని వచ్చాయో తెలియాలంటే క్యూ తోక ఎప్పుడూ చేరని వెనుక చోట ఒకసారి, క్యూ తల, అంటే క్యూ మొదలయ్యే ఆ ఇరుకు చోటు, దాటాక ఒకసారి, ఒకే గడియారంతో లెక్కించి, రెండు మొత్తాలనూ సమయంతోపాటు గీతలుగా గీసి, ఖాళీ రహదారిపై ఆ దూరానికి పట్టే సమయం మేరకు మొదటి గీతను ముందుకు జరపాలి. ఏ క్షణంలోనైనా ఆ రెండు గీతల మధ్య నిలువు దూరం క్యూలో ఉన్న వాహనాల సంఖ్య అవుతుంది. అడ్డంగా ఉన్న దూరం ఒక్కో వాహనం ఎదురుచూసిన సమయం అవుతుంది. ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, రెండు గడియారాలు, పదిహేను నిమిషాలకొక గడి ఉన్న కాగితం చాలు. ఇంత తేలికైన పని చేయకుండా కోట్లు ఖర్చయ్యే ప్రతిపాదనలు తయారవుతున్నాయన్నది నా వృత్తిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే విషయం.

కూడలిలో ఏడు ఉదయాలు

పెద్ద కూడలి పక్కనున్న ఫుట్ ఓవర్‌బ్రిడ్జి మీద మేము వరుసగా ఏడు పనిదినాల ఉదయాలు గడిపాము. రెండో రోజు కూడలిలో విధుల్లో ఉన్న కానిస్టేబుల్ పైకి వచ్చి, "సార్, పచ్చ లైటు పడినా ఒక లేన్ కదలదు, ఊరికే నిలబడి ఉంటుంది, ఎందుకో మీరైనా చూడండి" అన్నాడు. ఈ కేసులో నాకు దొరికిన అత్యంత విలువైన సమాచారం అదే. ప్రతిపాదనల దస్త్రంలో ఎక్కడా లేని ఆ మాటను అతడు ఎన్నేళ్లుగానో రోజూ చూస్తూ ఉన్నాడు.

సిగ్నల్ చక్రం, అంటే ఒక పచ్చ లైటు మొదలైనప్పటి నుంచి మళ్లీ అదే పచ్చ లైటు వచ్చేవరకు పట్టే సమయం, 180 సెకన్లు. ఎదురు ప్రవాహాన్ని అడ్డంగా దాటుతూ మలుపు తీసుకునే వాహనాలకు విడిగా ఒక చిన్న లేన్ ఉంది. దాని పొడవు 45 మీటర్లు. ఆగి ఉన్న ఒక కారుకు ముందు వెనుకల ఖాళీతో కలిపి సుమారు 7 మీటర్లు పడుతుందనుకుంటే ఆ లేన్‌లో ఆరు కార్లు పడతాయి. చక్రం మూడు నిమిషాలు ఉండటం వల్ల మలుపు తిరగవలసిన వాహనాలు ఎర్ర లైటు దగ్గర అంతకంటే ఎక్కువగా చేరేవి. ఏడోది వచ్చి నేరుగా వెళ్లే లేన్‌లో ఆగేది, దాని వెనుక ఎనిమిదోది. నేరుగా వెళ్లేవారికి పచ్చ లైటు పడగానే ఆ ఏడో కారుకు ముందున్న నాలుగైదు వాహనాలు వెళ్లిపోయేవి, ఆ తరువాత ఆ లేన్ ఖాళీగా ఉండిపోయేది. పచ్చ లైటు వెలుగుతూనే ఉండేది, కూడలి ఎదురుగా తారు కనిపించేది, ఆ వెనుక మాత్రం కిలోమీటర్ల కొద్దీ వాహనాలు ఆగి ఉండేవి. ఓవర్‌బ్రిడ్జి మీద నుంచి ఆ ఖాళీ తారును చూసిన క్షణాన మా అధ్యయనం దారి మారింది.

సిగ్నల్ చక్రాన్ని అంత పొడవుగా పెట్టడానికి ఒక కారణం లేకపోలేదు. ప్రతి ఫేజ్, అంటే చక్రంలో ఒక్కో దిశకు పచ్చ లైటు వచ్చే వంతు, మారినప్పుడల్లా కొన్ని సెకన్లు వృథా అవుతాయి. ముందున్న బండి కదలడానికి పట్టే సమయం, చివరి బండి కూడలి ఖాళీ చేయడానికి పట్టే సమయం రెండూ అందులో ఉంటాయి. చక్రం పొడవైతే గంటలో ఈ మార్పుల సంఖ్య తగ్గి, వృథా కూడా తగ్గుతుందని సిగ్నల్ పెట్టినవారు భావించారు. కాగితం మీద అది నిజమే. మలుపు లేన్ పొడవు అనంతంగా ఉంటే నేల మీద కూడా నిజమయ్యేది.

బ్రిటన్‌లోని రోడ్ రీసెర్చ్ లాబరేటరీలో పనిచేసిన వెబ్‌స్టర్ 1958లో ఇచ్చిన సూత్రం ఇక్కడ ఉపయోగపడింది. చక్రంలో వృథా అయ్యే మొత్తం సెకన్లను ఒకటిన్నరతో గుణించి 5 కలిపి, దానిని ఒకటిలోంచి కూడలి భారం తీసివేయగా మిగిలినదానితో భాగిస్తే, వాహనాల సగటు జాప్యం అతి తక్కువగా ఉండే చక్రం వస్తుంది. భారం అంటే ప్రతి ఫేజ్‌లో వచ్చే ప్రవాహానికీ, ఆ దారి పూర్తి పచ్చలో వదలగల ప్రవాహానికీ ఉన్న నిష్పత్తుల మొత్తం. ఒక ఉదాహరణ చూద్దాము. నాలుగు ఫేజ్‌లు, ఒక్కొక్కదానిలో 4 సెకన్ల వృథా, భారం 0.75 అనుకుంటే చక్రం 116 సెకన్లు వస్తుంది. ఒక ఫేజ్ తొలగించి వృథాను 12 సెకన్లకు, భారాన్ని 0.65కు తేగలిగితే చక్రం 66 సెకన్లకు దిగుతుంది. ఒక్క ఫేజ్‌తో చక్రం దాదాపు సగమవుతుంది, ఎర్ర లైటు దగ్గర చేరే వరుస కూడా ఆ మేరకు చిన్నదవుతుంది, మలుపు లేన్ పొంగిపొర్లదు. మా కూడలికి అచ్చంగా ఈ అంకెలే వర్తించవు గానీ తర్కం మాత్రం ఇదే.

కూడలి దాటిన వెంటనే, ఇరవై అడుగుల దూరంలో ఒక బస్ స్టాపు ఉండేది. బస్సు ఆగితే దాని వెనుక మరో బస్సు, ఆ వెనుక కూడలి మధ్యలోనే ఇరుక్కున్న కార్లు. దీని గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. స్టాపును ముందుకు జరపడం ఎవరికైనా తట్టే పరిష్కారమే.

వెడల్పు చేస్తే ఏమయ్యేది

సమీక్షా సమావేశంలో ప్రజాప్రతినిధులకు, అధికారులకు వివరించడానికి ఒక సాదా లెక్క తయారు చేసుకున్నాను. కూడలి గంటకు 1,000 వాహనాలను వదలగలదని, ఒక గంటలో 1,100 వాహనాలు వచ్చాయని అనుకుందాము. గంట ముగిసేసరికి 100 వాహనాలు క్యూలో మిగులుతాయి. చివరన నిలబడిన వాహనం ముందున్న వందా కదిలేవరకు, అంటే 6 నిమిషాలు ఆగాలి. ఒక్కో వాహనానికి 7 మీటర్ల చొప్పున రెండు లేన్లలో ఆ క్యూ 350 మీటర్లు ఉంటుంది. ఇప్పుడు కూడలిని ముట్టుకోకుండా దాని వెనుక రహదారిని మూడు లేన్లు చేస్తే అదే క్యూ సుమారు 235 మీటర్లకు కుదించుకుపోతుంది. చివరి వాహనం ఆగే సమయం అదే 6 నిమిషాలు. ఫోటో తీస్తే క్యూ చిన్నదైనట్టు కనిపిస్తుంది, ప్రారంభోత్సవం నాటి నివేదికలో ఆ ఫోటో కూడా వస్తుంది, బస్సులో కూర్చున్న మనిషి గడియారంలో మాత్రం తేడా ఉండదు.

ఈ లెక్క చెప్పిన తరువాత ఒక సీనియర్ అధికారి అడిగిన ప్రశ్న న్యాయమైనది: కూడలిని కూడా వెడల్పు చేస్తే? చేయవచ్చు. కానీ అక్కడ రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది పాదచారుల సమయం. లేన్ 3.5 మీటర్ల చొప్పున నాలుగు లేన్లు 14 మీటర్లు, ఆరు లేన్లు 21 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచేవారికి మొదటిది దాటడానికి 12 సెకన్లు, రెండోదానికి పదిహేడున్నర సెకన్లు పడుతుంది. వయసు మళ్లినవారు సెకనుకు 0.9 మీటర్లు మాత్రమే నడిస్తే ఆ సమయం 23 సెకన్లు దాటుతుంది. ఆ సెకన్లన్నీ ప్రధాన రహదారికి ఎర్ర లైటు ఉన్నప్పుడే ఇవ్వాలి కాబట్టి, రహదారి వెడల్పయ్యేకొద్దీ దాని పచ్చ లైటులోనే కోత పడుతుంది. ఈ లెక్క ఒక మనిషి రూపంలో నాకు కూడలిలో కనిపించింది. నాలుగో రోజు ఉదయం చేతికర్రతో ఒక ముసలాయన దాటడం మొదలుపెట్టి, డివైడర్ దగ్గరకు చేరేసరికి లైటు మారిపోయింది. అడుగున్నర వెడల్పున్న ఆ డివైడర్ మీద, రెండు వైపులా లారీలు ఒరుసుకుంటూ పోతుండగా, చేతికర్రను గుండెలకు హత్తుకుని మూడు నిమిషాలు నిలబడ్డాడు. నాలుగు లేన్ల రహదారిలోనే ఆయన పరిస్థితి అది.

రెండో అడ్డంకి డిమాండు. ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే, రద్దీ వేళ ఎక్స్‌ప్రెస్ రహదారిపై వచ్చే వాహనాలు దాని సామర్థ్యాన్ని చేరేవరకు పెరుగుతాయని వాదించాడు. కొత్తగా దారి సులువైతే వేరే దారుల్లో వెళ్లేవారు ఇటు వస్తారు, రద్దీ తప్పించుకోవడానికి తెల్లవారుజామున బయల్దేరేవారు తిరిగి ఎనిమిదిన్నరకే బయల్దేరతారు, బస్సులో వెళ్లేవారిలో కొందరు సొంత బండి తీస్తారు. డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా మహానగరాల్లో అంతర్రాష్ట్ర రహదారుల లేన్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాటిపై వాహనాల ప్రయాణ దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని తేల్చారు. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే విస్తరణ 2008లో పూర్తయింది. పక్క సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల ఇరవైకి పైగా లేన్లున్న ఆ రహదారిపై కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణ సమయాలు మళ్లీ పెరిగాయి. విస్తరణ ఎప్పుడూ వృథా అని నేను అనను. ఎక్కువమంది వెళ్లగలగడం కూడా ఒక ప్రయోజనమే. అయితే రద్దీ పోతుందన్న హామీ మీద భూసేకరణ చేసి ఇళ్లు కూల్చినప్పుడు, ఆ హామీ నిలబడదని ముందే తెలిసినవారు చెప్పి తీరాలి.

అదే లెక్కను తిరగేసి చూస్తే ఆశ కలిగించే విషయం కూడా ఉంది. 1,100కు బదులు 1,000 వాహనాలే వస్తే క్యూ అసలే ఉండదు. తగ్గవలసింది పదో వంతు కంటే తక్కువ. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 2006 జనవరి నుంచి జూలై వరకు రద్దీ రుసుమును, అంటే నగర కేంద్రం చుట్టూ గీసిన సరిహద్దు దాటే వాహనాలపై వేసే రుసుమును, ప్రయోగాత్మకంగా అమలు చేసినప్పుడు ఆ గీతను దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గితే, క్యూలలో గడిపే సమయం అంతకంటే చాలా ఎక్కువ శాతం తగ్గింది. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. మా రహదారిపై రుసుము పెట్టే అధికారం ఎవరికీ లేదు, నేను దానిని సిఫారసు చేయనూ లేదు. కొద్దిపాటి వాహనాలను రద్దీ వేళ ప్రధాన రహదారి నుంచి తప్పించగలిగితే చాలునని చూపించడానికి ఆ అనుభవాన్ని సమావేశం ముందు పెట్టాను.

ఆ కొద్దిపాటి వాహనాలు ఎవరివి

నంబర్ ప్లేట్లు నమోదు చేసి, ఏ వాహనం ఎక్కడ ప్రధాన రహదారి ఎక్కి ఎక్కడ దిగిందో సరిచూసినప్పుడు, శివారు నుంచి నగరానికి వెళ్లే దూర ప్రయాణాల మధ్య ఒకటి రెండు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు పెద్ద సంఖ్యలో కనిపించాయి. ఒక కాలనీ నుంచి బయటికి వచ్చి, ప్రధాన రహదారిపై కాస్త దూరం వెళ్లి, పక్క కాలనీలోని బడి దగ్గర దిగేవి అవి. కారణం పటం చూస్తే తెలిసింది. గత పాతికేళ్లలో అనుమతి పొందిన ప్రతి లేఅవుట్‌కూ ప్రధాన రహదారి మీద ఒక గేటు ఉంది, పక్క లేఅవుట్‌లోకి మాత్రం దారి లేదు. మాస్టర్ ప్లాన్‌లో గీసిన సమాంతర వీధులు ప్రతి లేఅవుట్ హద్దు దగ్గరా గోడకు తగిలి ఆగిపోయాయి. పిల్లవాడిని గోడ అవతలి బడికి చేర్చడానికి తల్లిదండ్రులు దూర ప్రయాణికులతో కలిసి పెద్ద కూడలి క్యూలో నిలబడవలసి వచ్చేది.

మూడు చోట్ల గోడ తీసి వీధులు కలపాలన్నది మా సిఫారసుల్లో అన్నిటికంటే చౌకైనది, అన్నిటికంటే కష్టమైనది కూడా. అక్కడి నివాసులు బయటి వాహనాలు తమ వీధుల్లోకి దూసుకొస్తాయని భయపడ్డారు, ఆ భయం సమంజసమే. రెండు చోట్ల పాదచారులు, సైకిళ్లు మాత్రమే వెళ్లేలా స్తంభాలు పాతాము. మూడో చోట వాహనాలకు కూడా దారి ఇచ్చి, వేగం తగ్గించేలా వీధిని సన్నగా మలిచాము. ఈ మూడూ ఒప్పించడానికి పట్టిన కాలం కూడలి పనులన్నిటికీ పట్టిన కాలం కంటే ఎక్కువ.

అమలు, ఒక తప్పు

కూడలిలో చేసిన పనులు ఇవి. రద్దీ వేళ అడ్డ మలుపును నిషేధించి, ఆ వాహనాలు కూడలి దాటి ముందుకు వెళ్లి యూటర్న్ తీసుకుని వచ్చేలా ఏర్పాటు చేయడం వల్ల ఒక ఫేజ్ పోయింది. చక్రాన్ని 110 సెకన్లకు తగ్గించాము. ఇంకా తగ్గించాలని లెక్క చెప్పినా, పాదచారుల సమయంలో కోత పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. డివైడర్‌ను వెడల్పు చేసి, మధ్యలో నిలబడేవారికి రెండు మీటర్ల చోటు కల్పించాము. బస్ స్టాపు ముందుకు జరిగింది.

మా తప్పు యూటర్న్ విషయంలో జరిగింది. నిషేధించిన మలుపు కోసం వాహనదారులు మేము చూపించిన యూటర్న్ దాకా వెళ్తారని అనుకున్నాము. చాలామంది కూడలికి ముందే ఒక సన్నని వీధిలోకి తిరిగి, అక్కడి బడి ముందు నుంచి వెళ్లడం మొదలుపెట్టారు. ఆ వీధికి ఫుట్‌పాత్ కూడా లేదు. బడి నుంచి ఫిర్యాదు వచ్చేవరకు మేము ఆ వీధిలో లెక్కింపు పెట్టలేదు, మా పనిపట్టికలో దాని పేరే లేదు. ఆ వీధిని బడి వేళల్లో ఒకవైపు మూసి, యూటర్న్‌ను కూడలికి దగ్గరగా తెచ్చేసరికి రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలలూ ప్రమాదం జరగకపోవడం మా ప్రతిభ కాదు. ఏ మలుపు నిషేధించినా, దానికి చుట్టూ వాహనదారుడు కనుక్కోగల ప్రతి వీధిలోనూ ముందుగా లెక్కింపు జరగాలన్నది ఆ తరువాత నుంచి మా బృందంలో రాతపూర్వకమైన నియమం.

క్యూ కదిలింది

ఫలితాల కోసం మొదటి లెక్కింపు జరిగిన కాలంలోనే, అవే వారపు రోజుల్లో, బడి సెలవులు లేకుండా చూసుకుని మళ్లీ లెక్కించాము. పెద్ద కూడలి ముందు క్యూ తోక అంతకుముందు చేరే కాలువ వంతెన దాకా రావడం ఆగిపోయింది. కానవచ్చిన రెండో మార్పు డౌన్స్ చెప్పినదే: ఆరున్నర ప్రాంతపు వాహనాలు తగ్గి, ఎనిమిదిన్నర ప్రాంతపువి పెరిగాయి. ఇన్నాళ్లూ రద్దీకి భయపడి చీకట్లోనే బయల్దేరినవారు కాస్త ఆలస్యంగా ఇల్లు వదులుతున్నారు. దీనిని వైఫల్యంగా లెక్కకట్టేవారు ఉన్నారు. ఒక తల్లికి ఉదయం ఇంట్లో మరో అరగంట దొరికితే అది కూడా రహదారి ఇచ్చిన ప్రయోజనమేనని నేను నివేదికలో చేర్చాను.

మూడో మార్పును మేము ముందే ఊహించాము, దాని తీవ్రతను ఊహించలేదు. కూడలి ఎక్కువ వాహనాలను వదలడంతో రెండు కిలోమీటర్ల అవతల, నగరం లోపలి పాత సన్నని వంతెన దగ్గర కొత్త క్యూ పుట్టింది. ఇంతకాలం పెద్ద కూడలి అడ్డుకట్టలా నిలిచి ఆ వంతెనను కాపాడింది. ఒక బాటిల్‌నెక్ తీస్తే దాని నీడలో ఉన్న తరువాతది బయటపడుతుందని ప్రతి ఇంజినీరుకూ తెలుసు. అయినా వంతెన పక్క వార్డువారు వచ్చి, శివారు క్యూను తమ ఇళ్ల ముందుకు దింపారని నిలదీసినప్పుడు, ఆ శాస్త్రం వారికి సమాధానం కాలేదు. వంతెన ఇరుకు, దానికిరువైపులా ఇళ్లు. అక్కడ నిలబడే వాహనాల పొగ కిటికీల్లోకి పోతుంది.

నేను ఈ దశను ప్రాంతీయ సమస్య అని అంటాను. వంతెన వదలగలిగినంత కంటే ఎక్కువ వాహనాలు ఉదయం వస్తే క్యూ ఎక్కడో ఒకచోట నిలబడక తప్పదు. దానిని ఎక్కడ నిలబెట్టాలన్నది మాత్రం నిర్ణయించవచ్చు. శివారు వైపున్న సిగ్నళ్లలో పచ్చ లైటును కొద్దిగా తగ్గించి, వంతెన మోయగలిగినన్ని వాహనాలనే ముందుకు వదిలితే క్యూ నగరం బయట ఆగుతుంది. దీనికి శివారు పురపాలక సంఘం సహజంగానే అభ్యంతరం చెప్పింది: నగరం వీధులు ఖాళీగా ఉండటానికి మా ప్రజలు ఎందుకు ఆగాలి? మొదటి రెండు సమావేశాలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ముగిశాయి. మొత్తం ప్రయాణ సమయం ఎవరికీ పెరగదని, ఆగే చోటు మాత్రమే మారుతుందని గీతలు గీసి చూపించినా, ఆగే చోటు ఎవరి హద్దులో ఉందన్నదే వారికి ముఖ్యమైంది. అందులో వారిని తప్పుపట్టలేము. ఓట్లు వేసేవారు ఆ హద్దులోనే ఉన్నారు.

మూడో సమావేశంలో దారి దొరకడానికి కారణం బస్సు. క్యూను నిలబెట్టే చోట బస్సులు దాని పక్క నుంచి ఆగకుండా వెళ్లేలా విడి లేన్ ఇస్తే, శివారు నుంచి బస్సులో వెళ్లేవారి ప్రయాణం అంతకుముందు కంటే తగ్గుతుంది. శివారు బస్సుల్లో ఎక్కువమంది తమవారేనని పురపాలక సంఘానికి తెలుసు. క్యూ ఎక్కడ నిలబడాలో కూడా అక్కడే తేలింది. విస్తరణ ప్రతిపాదనలోని నాలుగు కిలోమీటర్లలో ఆరువందల మీటర్ల దూరం మాత్రం ఇరువైపులా ఇళ్లూ బడులూ లేవు, రహదారి అంచున ప్రభుత్వ స్థలం కూడా ఉంది. మిగతా మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్ల భూసేకరణ ప్రక్రియ నిలిపివేయాలని, ఈ ఆరువందల మీటర్లలో మాత్రం ఒక లేన్ చేర్చి దానిని బస్సులకు కేటాయించాలని, రెండు పాలక సంస్థల సిగ్నళ్లు ఒకే గడియారంతో నడవాలని ఉమ్మడి తీర్మానం జరిగింది. ఇకపై ప్రధాన రహదారికి గేటు ఉన్న ఏ కొత్త లేఅవుట్‌కైనా పక్క లేఅవుట్‌లోకి కనీసం ఒక దారి చూపితేనే అనుమతి ఇవ్వాలన్న నిబంధనను నగరపాలక సంస్థ ఒప్పుకుంది. శివారు సంఘం ఇంకా పరిశీలిస్తున్నది.

బస్సు లేన్‌కు తారు పడింది, గీతలు వేయడం మిగిలి ఉంది. సిగ్నళ్లలో మొదటి నెల పచ్చ లైటును రోజుకు రెండేసి సెకన్ల చొప్పున మాత్రమే తగ్గించాలని, ప్రతి రోజూ పాత వంతెన దగ్గర ఒకరు, ఆరువందల మీటర్ల చివర ఒకరు, బడి వీధిలో ఒకరు నిలబడి లెక్కించాలని నిర్ణయించాము. మూడు చోట్లకూ మనుషులను కేటాయించాము, గడియారాలు ఒకే సమయానికి సరిచేసి ఇచ్చాము.